పుత్తూరు కట్టుకు కోడ్ ఏది?

1950లో మదనపల్లె చుట్టుపక్కల జనానికి బీసీజీ టీకా వేయడం మొదలుపెట్టారు. వేసింది ఆరోగ్యవరం వాళ్లు. అప్పటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లెను ఆనుకుని 1915 నుంచీ నడుస్తున్న యూనియన్ మిషన్ క్షయ శానటోరియం అది. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ తొలినాళ్లలో దాన్ని నడిపారు. టీకా పరిశోధనకు ముందు నిలిచింది జోహన్నెస్ ఫ్రిమోట్ మోలర్. ఒకరికి టీకా వేసి, తర్వాతి మనిషిని వదిలి, ఇలా మార్చి మార్చి జనాన్ని రెండు జట్లు చేశారు. ఏళ్ల తరబడి వాళ్లను గమనిస్తూ వచ్చారు. 1973లో అచ్చయిన నివేదికలో లెక్క తేలింది: టీకా వేసుకున్న 5,069 మందిలో 33 మందికి క్షయ సోకింది, వేసుకోని 5,808 మందిలో 47 మందికి సోకింది. అంటే టీకా వల్ల ముప్పు తగ్గింది ఐదోవంతే.

ఆ అంకెలు ఆరోగ్యవరంలోనే ఉండిపోలేదు. 1994లో హార్వర్డ్‌లోని గ్రాహం కోల్డిట్జ్ బృందం ప్రపంచమంతటా జరిగిన బీసీజీ ప్రయోగాలను ఏరి, 13 ప్రయోగాలను ఒకే పట్టికలోకి తెచ్చింది. అందులో మదనపల్లెది ఒక వరుస. చెంగల్పట్టుది ఒకటి, బ్రిటన్‌ది ఒకటి, కెనడాది ఒకటి. అన్నీ కలిపి చూస్తే బీసీజీ క్షయ ముప్పును దాదాపు సగానికి తగ్గిస్తోంది. భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాల్లో టీకా గట్టిగా పనిచేస్తోంది, 13 డిగ్రీల అక్షాంశం మీదున్న మన ప్రాంతంలో అంతగా పనిచేయడం లేదు అన్న సంగతి ఈ వరుసలను పక్కపక్కన పెడితే కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. గణాంకశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ ఆ పట్టికను అభ్యాసంగా లెక్కగడుతుంటారు. మదనపల్లె ఎక్కడుందో తెలియని పిల్లలు కూడా ఆ 33నీ ఆ 47నీ కూడుతుంటారు.

ఇలా కలపడానికి ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆరోగ్యవరంలో క్షయ రోగి అని రాసుకున్నదీ, కెనడాలో క్షయ రోగి అని రాసుకున్నదీ ఒకటేనా? ఎక్స్‌రేలో మచ్చ కనబడితే చాలా, కఫంలో క్రిమి కనబడాలా, మరణ ధ్రువపత్రంలో ఉంటేనే లెక్కా? కోల్డిట్జ్ బృందం ఈ జాగ్రత్త తీసుకుంది కాబట్టే క్షయ మరణాలను వేరుగా, మెదడు పొరలకు సోకిన క్షయను వేరుగా లెక్కగట్టింది. మరణాల విషయంలో రక్షణ 71 శాతం, మెదడు పొరల క్షయ విషయంలో 64 శాతం అని తేలింది. అన్నిటినీ టీబీ అని ఒకే పద్దు కింద రాసేసి ఉంటే ఈ తేడా దొరికేదే కాదు. పుట్టిన బిడ్డకు మనం ఈనాటికీ బీసీజీ ఎందుకు వేయిస్తున్నామో చెప్పే అంకెలివి.

పదమూడు ప్రయోగాలను మనుషులు కూర్చుని చదవగలరు. ఆసుపత్రి రికార్డులు లక్షల్లో కంప్యూటర్లలోకి చేరుతున్న ఈ రోజుల్లో అది చేతితో అయ్యే పని కాదు. ఏ మాట ఏ మాటతో సమానమో, ఎక్కడ సమానం కాదో యంత్రానికి ముందే చెప్పి పెట్టాలి. వైద్య పదావళులను పరిశోధన కోసం అనుసంధానించడం అంటే ఇదే. పేరు వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది. నా దృష్టిలో మాత్రం రాబోయే కాలపు వైద్య పరిశోధనకు పునాది ఇక్కడే పడుతోంది, దక్షిణ రాయలసీమ ఈ పని నుంచి తప్పించుకోలేదు.

తిరుపతిలోనే చూడండి. 1960లో మొదలైన ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధంగా రుయా ఆసుపత్రి ఉంది. టీటీడీ అండతో నడిచే స్విమ్స్ ఆసుపత్రి ఉంది. టీటీడీదే ఎస్వీ ఆయుర్వేద కళాశాల, దానికో ఆసుపత్రి ఉన్నాయి. చిత్తూరు వైపు వెళ్తే మురకంబట్టులో అపోలో వైద్య కళాశాల, గుడిపాల దగ్గర వేలూరు సీఎంసీ వారి చిత్తూరు క్యాంపస్. జిల్లాలో ఒక మనిషి జబ్బు చేస్తే ఈ గడపల్లో రెండు మూడు తొక్కడం మామూలే. పీహెచ్‌సీలో ఒక చీటీ, రుయాలో ఒక కేస్ షీట్, స్విమ్స్‌లో ఒక డిశ్చార్జి సమ్మరీ, వేలూరులో ఒక ఫైలు. జబ్బు ఒకటే, నాలుగు చోట్లా రాసిన తీరు నాలుగు రకాలు.

ఈ తేడాలు అజాగ్రత్త వల్ల వచ్చినవని అనుకోవద్దు. ఒక్కో పదావళి ఒక్కో పని కోసం పుట్టింది. ఫ్రాన్స్‌కు చెందిన జాక్ బెర్తియాన్ 1893లో తయారుచేసిన జాబితా చావులను లెక్కపెట్టడానికి. దాని వారసత్వమే నేటి ఐసీడీ, అంటే జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చాక అందులోకి బతికున్నవాళ్ల జబ్బులూ చేరాయి. లెక్కపెట్టేవాడికి ప్రతి మనిషీ ఏదో ఒక గడిలో పడాలి, రెండు గడుల్లో పడకూడదు. అందుకే ఐసీడీలో ‘ఇతరములు’, ‘నిర్దిష్టంగా చెప్పనివి’ అనే గడులు అన్నేసి. మంచం పక్కన నిలబడ్డ డాక్టరుకు ఇది చాలదు. ఆయనకు సూక్ష్మమైన తేడాలు కావాలి. దానికోసం వచ్చింది స్నోమెడ్ సీటీ. అమెరికా పాథాలజిస్టుల స్నోమెడ్‌నూ, బ్రిటన్ కుటుంబ వైద్యుల రీడ్ కోడ్‌లనూ కలిపి 2002లో తెచ్చారు. ఇప్పుడు అందులో మూడున్నర లక్షల పైచిలుకు భావనలు ఉన్నాయి. ల్యాబ్ పరీక్షలకు 1994 నుంచీ లోయింక్ ఉంది. ఇక మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్యాకేజీ కోడ్‌లున్నాయి. వాటి పని బిల్లు చెల్లించడం. ప్యాకేజీ జాబితాలో లేని జబ్బు ఆ డేటాలో అసలు కనబడదు. ఆరోగ్యశ్రీ రికార్డుల్లో తక్కువగా ఉంది కాబట్టి జిల్లాలో ఆ జబ్బు తక్కువ అని ఎవరైనా రాస్తే వెంటనే అనుమానించాలి.

ఇన్ని పదావళులను ఏం చేయాలి? 1986లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయానికి ఇదే ప్రశ్న ఎదురైంది. అప్పటి సంచాలకుడు డొనాల్డ్ లిండ్‌బర్గ్. అన్నిటినీ పక్కన పడేసి ఒకే మహా పదకోశం రాద్దాం, అందరూ అదే వాడాలని శాసిద్దాం అనుకోవడం సులభం. ఆయన బృందం ఆ దారిలో పోలేదు. ఎవరి పదావళిని వాళ్లనే వాడుకోనిచ్చి, వాటి మధ్య వంతెనలు కట్టింది. అలా వచ్చిందే యూఎంఎల్‌ఎస్, ఏకీకృత వైద్య భాషా వ్యవస్థ. తొలి కూర్పు 1990లో వెలువడింది. ఇప్పుడు అందులో దాదాపు రెండు వందల వనరుల నుంచి తెచ్చిన పేర్లు, ముప్పై లక్షలకు పైగా భావనల కింద సర్ది ఉన్నాయి.

దాని నిర్మాణం తెలుసుకోదగింది. మన పల్లెల్లో ఒకే పొలాన్ని ఒకరు మర్రిమాను చేను అంటారు, ఇంకొకరు రెడ్డిగారి మడి అంటారు, సర్వే నంబరు మాత్రం ఒకటే. యూఎంఎల్‌ఎస్‌లో ప్రతి భావనకూ అలాంటి నంబరు ఉంటుంది. ఊపిరితిత్తుల క్షయకు సి0041327. స్నోమెడ్‌లోని 154283005 దాని కిందికే వస్తుంది, వైద్య గ్రంథాలయ విషయసూచిలోని పేరూ, ఫ్రెంచి పేరూ, జపనీసు పేరూ అక్కడికే చేరతాయి. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఏ పేరు ఏ వనరు నుంచి వచ్చిందో ఆ గుర్తు పోదు. ఒక్కో వనరులోని ఒక్కో పేరునూ వాళ్లు ‘ఆటం’ అంటారు, దానికీ విడిగా నంబరు ఉంటుంది. కలిపినవాళ్లు తప్పు కలిపారని రేపు తెలిస్తే, విడదీసి మళ్లీ సరిచేయొచ్చు. మూలం చెరిగిపోతే ఆ అవకాశం ఉండదు.

సరిచేయాల్సిన అవసరం రాకుండా పోదు. క్షయనే తీసుకుందాం. ఐసీడీ తొమ్మిదో కూర్పులో ఊపిరితిత్తుల క్షయ 011. పదో కూర్పుకు వచ్చేసరికి అది రెండైంది: కఫ పరీక్షలోనో కణజాల పరీక్షలోనో నిర్ధారణ అయితే ఎ15, కాకపోతే ఎ16. పాత రికార్డులో ఉత్త 011 అని ఉంటే ఎటు వేయాలి? కేస్ షీట్ తీసి కఫ పరీక్ష ఫలితం చూస్తే తప్ప చెప్పలేం. కంప్యూటర్‌కు పని అప్పజెప్పి అన్నిటినీ ఎ16లో పడేస్తే, నిర్ధారణ లేకుండానే డాక్టర్లు క్షయ మందులు రాశారన్న తప్పుడు తీర్పు తయారవుతుంది. మందుల పేర్లలోనూ ఇదే తంటా. మనం రిఫాంపిసిన్ అంటాం, అమెరికాలో రిఫాంపిన్. మనకు పారాసెటమాల్, వాళ్లకు అసిటమినోఫెన్. ఒక పేరుతో మాత్రమే వెతికిన పరిశోధకుడికి సగం ప్రపంచం కనబడదు.

మన ప్రాంతానికి బాగా తెలిసిన ఇంకో జబ్బుతో దీన్ని దగ్గరగా చూద్దాం. వానాకాలం ముగిసి చలి మొదలయ్యే రోజుల్లో పత్రికల్లో ‘విషజ్వరాలు’ అన్న మాట ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మాట కింద డెంగీ ఉంటుంది, మలేరియా ఉంటుంది, టైఫాయిడ్ ఉంటుంది, స్క్రబ్ టైఫస్ ఉంటుంది. స్క్రబ్ టైఫస్ తిరుపతి, చిత్తూరు డాక్టర్లకు కొత్తది కాదు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు లార్వా కుట్టడం వల్ల వస్తుంది. కుట్టిన చోట, తరచుగా చంకలోనో గజ్జల్లోనో, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లని పొక్కు కడుతుంది. దాన్ని చూసిన డాక్టరు డాక్సీసైక్లిన్ మొదలుపెడితే జ్వరం త్వరగా దిగుతుంది. చూడకపోతే మూత్రపిండాలకూ ఊపిరితిత్తులకూ ఎసరు పెట్టగలదు.

ఈ జబ్బు మన జిల్లాల్లో ఏ నెలల్లో, ఏ మండలాల్లో ఎక్కువో పాత రికార్డుల నుంచి తేల్చాలని ఒక పీజీ విద్యార్థి అనుకున్నాడని ఊహించండి. కంప్యూటర్‌లో ‘స్క్రబ్ టైఫస్’ అని కొడతాడు. కొన్ని రికార్డులు వస్తాయి. కానీ కొందరు డాక్టర్లు ‘రికెట్సియల్ ఫీవర్’ అని రాసి ఉంటారు. కొందరు ‘ఓఎక్స్‌కే పాజిటివ్’ అని వైల్ ఫీలిక్స్ పరీక్ష ఫలితం మాత్రం రాసి వదిలేసి ఉంటారు. కొందరు ‘పీయూవో’, అంటే కారణం తెలియని జ్వరం అని చేర్చుకుని, మూడో రోజున వచ్చిన ఎలైజా ఫలితాన్ని చూసి మందు మార్చి ఉంటారు గానీ రోగనిర్ధారణ గడిని దిద్ది ఉండరు. కోడ్ వేసినవాళ్లు ఎ75.3 వేసి ఉండవచ్చు, తొందరలో ఉన్నవాళ్లు ఏ టైఫస్‌ అన్నది చెప్పని ఎ75.9తో సరిపెట్టి ఉండవచ్చు. జబ్బుకు కారణమైన క్రిమి పేరే మధ్యలో మారింది. రికెట్సియా సుట్సుగముషిని 1995లో ఓరియెన్షియా సుట్సుగముషి చేశారు. ఐసీడీ పదో కూర్పు 1990లో ఆమోదం పొందింది కాబట్టి అందులోకి ఇది పాత పేరుతోనే చేరింది.

పదావళుల అనుసంధానం ఉంటే ఆ విద్యార్థి ఒక భావన అడిగితే చాలు, దాని కింద ఉన్న పేర్లన్నీ, పాతవీ కొత్తవీ, ఒక్కసారిగా వెతుకులాటలోకి వస్తాయి. ఇది వరం. దీని వెంట ఒక ప్రమాదమూ వస్తుంది. ‘స్క్రబ్ ఐజీఎం నెగెటివ్’ అని ఉన్న కేస్ షీట్ కూడా వలలో పడుతుంది. డాక్టరు లేదని రాసినదాన్ని యంత్రం ఉందని చదువుతుంది. మన కేస్ షీట్లలో ‘షుగర్ లేదు, బీపీ లేదు, ఆస్తమా లేదు, టీబీ లేదు’ అన్న వరుస ఆనవాయితీగా ఉంటుంది. లేనివాటి జాబితా ఉన్నవాటి జాబితా కంటే పొడుగు. ఈ చిక్కును విప్పడానికి పిట్స్‌బర్గ్‌లో వెండీ చాప్‌మన్ బృందం 2001లో నెగ్‌ఎక్స్ అనే పద్ధతి తెచ్చింది. ‘లేదు’, ‘కనబడలేదు’, ‘కాదని తేలింది’ వంటి మాటలు జబ్బు పేరుకు ఎంత దూరంలో ఉన్నాయో చూసి తేల్చే చిన్న పద్ధతి. సులభమైనది, అయినా చాలాచోట్ల బాగా పనిచేసింది.

పొడి అక్షరాల గోల వేరే. ‘ఎంఎస్’ అంటే ఏమిటి? స్విమ్స్ లాంటి ఆసుపత్రిలో గుండె విభాగపు ఫైల్లో ‘ఆర్‌హెచ్‌డీ, సివియర్ ఎంఎస్’ అని ఉంటే మన డాక్టర్లకు ఒక్క క్షణం కూడా సందేహం రాదు: చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల గుండెలో మైట్రల్ కవాటం ఇరుకైందని అర్థం. అమెరికా కేస్ షీట్ల మీద తర్ఫీదైన సాఫ్ట్‌వేర్ దాన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుగా చదివే ప్రమాదం ఉంది. వాళ్ల దగ్గర ఆ జబ్బు ఎక్కువ, మన దగ్గర కీళ్లవాత గుండెజబ్బు ఎక్కువ. అందుకే బయటి పరికరాన్ని తెచ్చి మన రికార్డుల మీద అలాగే నడపకూడదంటాను. ముందు కొన్ని వందల కేస్ షీట్లు మన డాక్టర్లు చదివి, యంత్రం చదివినదానితో సరిపోల్చాలి. ఈ పనికి పేరు రాదు, పేపర్లు అచ్చుకావు. అయినా అది చేయని పరిశోధన మీద నాకు నమ్మకం లేదు.

ల్యాబ్ రిపోర్టుల దగ్గర పని కాస్త తేలిక. పరగడుపున తీసిన షుగర్‌ను ఒక ల్యాబ్ ‘ఎఫ్‌బీఎస్’ అంటుంది, ఇంకోటి ‘గ్లూకోజ్ ఫాస్టింగ్’ అంటుంది, మూడోది ఉత్త ‘షుగర్’ అని రాసి పక్కన పెన్నుతో టిక్కు పెడుతుంది. లోయింక్ ఆరు ప్రశ్నలు అడుగుతుంది: ఏ పదార్థాన్ని కొలిచారు, ఏ కొలతలో, ఏ సమయానికి సంబంధించి, దేనిలో, ఏ తరహా ఫలితం, ఏ పద్ధతిలో. జవాబులు చెబితే కోడ్ వస్తుంది. పరగడుపు గ్లూకోజ్‌కు 1558-6, ఎప్పుడు తీశారో చెప్పని గ్లూకోజ్‌కు 2345-7. మనం మిల్లీగ్రాముల్లో 126 అనేదాన్ని ఇంగ్లండ్ వాళ్లు మిల్లీమోల్స్‌లో 7 అంటారు. ఈ రెండు అంకెలనూ కొలత చూడకుండా ఒకే వరుసలో పెట్టి సగటు తీస్తే వచ్చేది చెత్త.

ఆయుర్వేదం దగ్గరికి వచ్చేసరికి చిక్కు లోతైనది. మధుమేహం అన్న మాటను ప్రభుత్వ పోస్టర్లు, పత్రికలు డయాబెటిస్‌కు వాడతాయి. ఎస్వీ ఆయుర్వేద కళాశాల విద్యార్థి చదువుకునే శాస్త్రంలో ప్రమేహాలు ఇరవై. కఫం వల్ల పది, పిత్తం వల్ల ఆరు, వాతం వల్ల నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటి మధుమేహం. తొలిదశలో ఉన్న షుగర్ రోగిని ఆయుర్వేద వైద్యుడు కఫజ ప్రమేహం అని రాయొచ్చు. మధుమేహం సమానం డయాబెటిస్ అని గీత గీసేస్తే రెండు వైపులా తప్పు దొర్లుతుంది: డయాబెటిస్ ఉన్నవాళ్లు కొందరు తప్పిపోతారు, ఆయుర్వేద వైద్యుడు చూసిన సూక్ష్మమైన తేడా మాసిపోతుంది.

కేంద్ర ఆయుష్ శాఖ 2017లో నమస్తే పోర్టల్ తెచ్చి ఆయుర్వేద, సిద్ధ, యునానీ రోగాల పేర్లకు ప్రామాణిక కోడ్‌లు ఇచ్చింది. 2024 జనవరి 10న ఢిల్లీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ పదకొండో కూర్పుకు సంప్రదాయ వైద్యపు రెండో మాడ్యూల్‌ను విడుదల చేసింది. ఈ మూడు వైద్యాల రోగాల పేర్లకు అందులో చోటు దొరికింది. ఈ ఏర్పాటులో నాకు నచ్చింది జంట కోడింగ్. రోగి రికార్డులో ఆయుర్వేద నిర్ధారణకు ఒక కోడ్, ఆధునిక వైద్య నిర్ధారణకు ఇంకో కోడ్, రెండూ పక్కపక్కన. ఒకదాన్ని ఇంకోదానిలోకి కరిగించే తొందర లేదు. తిరుపతిలో రెండు రకాల ఆసుపత్రులూ నడుస్తున్నాయి, ఒకే రోగి రెండింటికీ వెళ్తుంటాడు. ప్రమేహాల్లో ఏ రకం వాళ్లకు మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి, ఎవరికి కాళ్ల తిమ్మిర్లు వస్తున్నాయి అన్నది ఇలాంటి జంట రికార్డులతోనే తేలుతుంది. దేశంలో ఈ అధ్యయనానికి తిరుపతి కంటే అనువైన ఊళ్లు ఎక్కువ ఉండవు.

రెండు పదాలను జత చేసేటప్పుడు ‘సమానం’ ఒక్కటే కాక ఇంకా సంబంధాలున్నాయని ఈ రంగంలో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. ఇది దానికంటే విస్తృతం, ఇది దానిలో ఒక భాగం, ఇది దానికి దగ్గరిది అంతే. ఏ జతకు ఏ సంబంధమో రాసి పెట్టాలి. ఏదీ కుదరకపోతే కుదరలేదనే రాయాలి. ప్రపంచంలోని ఆసుపత్రుల డేటాను పరిశోధన కోసం ఒకే అచ్చులోకి తెచ్చే ఒమాప్ అనే నమూనా ఒకటుంది. అందులో టైప్ 2 డయాబెటిస్ భావన సంఖ్య 201826. ఏ భావనకూ చేరని మాటకు సున్నా వేస్తారు. పక్కనే ఇంకో గడిలో ఆసుపత్రి వాళ్లు మొదట ఏం రాశారో ఆ మాటను ఉన్నదున్నట్టు ఉంచుతారు. సున్నా పడిందని ఆ రికార్డును పారేయరు. ఆ సున్నాలను పోగేసి చూస్తే మన పదావళిలో ఏం లోపించిందో తెలుస్తుంది. నేను ఏ ఆసుపత్రి డేటానైనా చూడాల్సి వస్తే మొదట అడిగేది ఆ సున్నాల జాబితానే.

మన జిల్లాల్లో ఆ జాబితా పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే యూఎంఎల్‌ఎస్‌లో పాతిక దాకా భాషలున్నా తెలుగు లేదు. డాక్టరు ఇంగ్లిషులో రాస్తే ఏమైందిలే అనిపిస్తుంది. కానీ రోగి చెప్పేది తెలుగులో. ‘గుండెల్లో మంట’ అన్నామె చెప్పేది ఛాతీ నొప్పినా, పొట్టలో ఆమ్లం పైకి తన్నడమా? ‘గ్యాస్ పట్టేసింది’ అంటూ వచ్చినవాడికి గుండెపోటు అయివుండొచ్చు. ‘కండ్లు తిరగతా ఉండాయి’ అన్నదాన్ని ఒక పీజీ డాక్టర్ ‘గిడ్డినెస్’ అని రాస్తాడు, పక్క గదిలో ఇంకొకరు ‘వర్టిగో’ అంటారు. స్నోమెడ్‌లో అవి వేర్వేరు భావనలు. ఇలా డాక్టరు చేతిలో ఇంగ్లిషులోకి మారేటప్పుడే మొదటి మ్యాపింగ్ జరిగిపోతోంది, దాన్ని ఎవరూ నమోదు చేయడం లేదు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి రాసుకునే సమాచారం, మరణించినవారి ఇంటివాళ్లను అడిగి కారణం తేల్చే సర్వేలు పూర్తిగా ఈ తెలుగు మాటల మీదే నిలబడ్డాయి. కుప్పంలో 2025లో టాటా వారి డిజిటల్ నర్వ్ సెంటర్ మొదలైంది, పల్లెల నుంచి వచ్చే ఆరోగ్య సమాచారాన్ని ఒకచోట చేర్చడం దాని పని. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలగలిసిన మాట. అక్కడ రోగి మాటను రోగి మాటగానే భద్రపరిచే గడి ఒకటి ఉండాలని నా కోరిక.

దారి లేదని కాదు. భారత్ 2014లో స్నోమెడ్ సీటీ సభ్య దేశమైంది, దేశంలో ఎవరైనా దాన్ని ఉచితంగా వాడుకోవచ్చు. పుణెలో ప్రభుత్వ కంప్యూటింగ్ సంస్థ సీడాక్‌లో దానికి జాతీయ కేంద్రం ఉంది. 2016లో సవరించిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు ప్రమాణాల్లో స్నోమెడ్, లోయింక్, ఐసీడీ మూడింటినీ చేర్చారు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వాటి మీదే నడవాలి. అంతర్జాతీయ కూర్పులో లేని మన మందుల కోసం, ఆయుష్ మాటల కోసం పుణె కేంద్రం జాతీయ అనుబంధాలు తెచ్చింది. కొత్త భావన కావాలని అడిగే వీలూ ఉంది.

అడగాల్సినవాటిలో మొదటిదిగా నేను పుత్తూరు కట్టును పెడతాను. తిరుపతి నుంచి చెన్నై దారిలో ఉన్న పుత్తూరుకు ఎముక విరిగినవాళ్లు తరతరాలుగా వస్తున్నారు. ఆంధ్ర నుంచే కాదు, తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ వస్తారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. ఇన్ని లక్షల చేతులకూ కాళ్లకూ కట్టిన ఆ కట్టు పేరు ఈ అంతర్జాతీయ పదావళుల్లో లేదు. ఆసుపత్రి కేస్ షీట్లలో అది ‘నేటివ్ ట్రీట్‌మెంట్’, ‘నాటుకట్టు’, ‘పుత్తూరు బ్యాండేజ్’ అంటూ తలో రకంగా ఉంటుంది. యంత్రం దాన్ని ‘బద్దకట్టు వేయడం’ అనే విస్తృత భావనలో కలిపేస్తే ఆర్థోపెడిక్ డాక్టరు వేసిన స్ప్లింట్‌కూ దీనికీ తేడా పోతుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఏ నాటుకట్టు అయినా బిగుతై రక్తం ఆడక, లేదా ఎముక వంకరగా అతుక్కుని బాధపడేవాళ్లే పెద్దాసుపత్రికి వస్తారు. బాగైపోయినవాళ్లు ఆ గడప తొక్కరు. కాబట్టి పదావళిలో ఒక కోడ్ పుట్టించి ఆసుపత్రి రికార్డుల్లోనే వెతికితే దొరికేది వికటించిన కట్ల లెక్క మాత్రమే. పుత్తూరులో కట్టు కట్టేచోట కూడా అదే కోడ్‌తో, అవే గడులతో రికార్డు మొదలైతేనే రెండు వైపులా తెలుస్తుంది. స్నోమెడ్ పద్ధతిలో ఒక చికిత్సను నిర్వచించాలంటే ఏ అవయవానికి, ఏ పద్ధతిలో, ఏ పదార్థంతో, ఏ సాధనంతో చేశారో చెప్పాలి. ఏ ఆకు పసరు, ఎన్ని రోజులకోసారి కట్టు మారుస్తారు, కట్టుకు ముందు ఎక్స్‌రే చూశారా, ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే కడతారా తిప్పి పంపుతారా అన్నవి కట్టు కట్టేవాళ్లే చెప్పగల సంగతులు. పుణెకు పంపే దరఖాస్తు తిరుపతి ఆర్థోపెడిక్ విభాగంలో తయారు కావచ్చు గానీ, దాన్ని పుత్తూరులో వాళ్ల పక్కన కూర్చునే నింపాలి.